ఫస్ట్ క్లాసు కోటు

సోమవారం
కుట్టు షాపు నుంచి

వదినగారికి,

నమస్కారాలు. ఇక్కడ మీ అమ్మాయి, మీ అల్లుడు, మీ అన్నయ్యగారు, నేను, నాలుగు కుట్టు మిషన్లు అందరం క్షేమం. అక్కడ మీరు, మీ మోకాళ్ళు క్షేమమని తలుస్తాను.

వియ్యపురాలికి ఫోను చేయక ఉత్తరం రాయడమేమిటని మీరు అనుకోవచ్చు. షాపు ఫోను మీ అమ్మాయి చేతిలో ఉంటుంది. నా ఫోను మీ అన్నయ్యగారి చేతిలో ఉంటుంది. ఆయన ఇస్త్రీ చేస్తూ అందులో వార్తలు చదివి మా అందరికీ వినిపిస్తుంటారు. నిన్న ఎక్కడో ఎవరో మంచానికి ఇంటర్నెట్టు పెట్టించుకుంటే, నెట్టు పోయి మంచం సగం లేచి ఆగిపోయిందని చదివారు. ఆ మంచం మీద మనిషి సంగతి తేలేలోపు ఒక కస్టమరు చొక్కా చెయ్యి మాడిపోయింది. అందుకని గుట్టుగా చెప్పుకోవాల్సిన మాటకి కాగితమే దిక్కయింది.

విషయం ఏమిటంటే, పోయిన నెల మీకు కుట్టి పంపిన ఊదారంగు చలికోటు గురించి మా షాపు పేజీలో ఎవరో మూడు స్టార్లు వేశారు. పక్కన ఒక కళ్ళజోడు ఫోటో ఉంది. కళ్ళజోడే ఉంది, మనిషి లేదు. అయినా ఆ కళ్ళజోడుని నేను ఎక్కడైనా గుర్తుపడతాను. మనం మొదటిసారి కలుసుకున్న రోజు అది నన్ను పైనుంచి కిందిదాకా రెండుసార్లు చూసింది.

మీ వేలు జారి ఉంటుంది, నాకు తెలుసు. ఫోను అద్దం నున్నగా ఉంటుంది. అయిదు దాకా పోవాల్సిన వేలు మూడు దగ్గర ఆగిపోతుంది. పెద్దవాళ్ళకి జరిగేదే.

మామూలు రోజుల్లో అయితే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ మీ అమ్మాయి పెద్దాసుపత్రి వాళ్ళ ఆర్డరు కోసం రెండు నెలలుగా తిరుగుతోంది. మూడువందల తెల్లకోట్లు. తనంతట తాను తెచ్చుకుంటున్న మొదటి ఆర్డరు ఇది. ఆ ఆసుపత్రి వాళ్ళు మనుషుల్ని చూడరట, ఫోనులో అంకె చూస్తారట. నెలాఖరున చూసి, నాలుగున్నర పైన ఉన్న షాపుల్లోంచే ఎంచుతారట. మీ వేలు జారకముందు మాది 4.7. జారాక 4.4. మీ అమ్మాయి చూసింది. కూర్చుని గుండీల డబ్బాలన్నీ సైజులవారీగా సర్దింది. నాకు భయంగా ఉంది.

కాబట్టి ఒకసారి కళ్ళజోడు తుడుచుకుని, ఫోను తీసి, ఆ మిగతా రెండూ నొక్కెయ్యండి. మన మధ్య మాట మన మధ్యే ఉంటుంది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: కోటు లోపలి జేబులో అదనంగా ఒక గుండీ ఉంటుంది. అది మర్చిపోయి వదిలేసింది కాదు, ఊడితే కుట్టుకోవడానికి పెట్టింది. దానికేమైనా మార్కులు తగ్గించారేమోనని చెప్తున్నాను.


గురువారం
ఇంటి నుంచి

వదినగారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి. మీ ఉత్తరం అందింది. ఒకసారి చదివాను. రెండోసారి ఎర్రకలం దూరంగా పెట్టి చదివాను.

నా వేలు జారలేదు. ముప్పై నాలుగేళ్ళు లెక్కల టీచరు చేతికి ఉన్న వేలు అది. దానికి ఎక్కడ ఆగాలో తెలుసు.

అయిదుకి మూడు అంటే నూటికి అరవై. నూటికి అరవై అంటే ఫస్ట్ క్లాసు. నా సర్వీసు మొత్తంలో ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్ళు పదకొండుమంది. అందులో ఇద్దరు ఆ పేపరుకి ఫ్రేము కట్టించుకున్నారు. డిస్టింక్షన్ అనేది ఒకటుంది కదా అంటారేమో, ఉందని నేనూ విన్నాను. మీ కోడలికి పదో తరగతిలో నా పేపర్లో యాభైరెండు వచ్చింది. కన్నకూతురికి వేయనిది మీ కోటుకి వేశాను. మీరు సంతోషించాల్సింది పోయి గుండీల డబ్బాల సంగతి రాశారు.

మార్కులు ఎలా వేశానో చెప్తాను. కాలరు తిరుగులేదు. కాజాలన్నీ ఒకే కొలత, స్కేలు పెట్టి చూశాను. లైనింగు శుభ్రంగా ఉంది. ఎడమ జేబు కుడి జేబుకన్నా పావంగుళం లోతు, అక్కడ కొంత పోయింది. గురువారం ఇస్తానన్న కోటు ఆ పై గురువారం కూడా దాటి ఆదివారం ఇచ్చారు. ఆలస్యంగా వచ్చిన జవాబుపత్రం నేను అసలు తీసుకోను, బంధువులని తీసుకున్నాను. ఇక ఆఖరి నక్షత్రం నేను ఎవరికీ వేయను. వేస్తే ఇక నేర్చుకోవడం మానేస్తారు.

ఈ ఫోను వచ్చాక నాకు రిటైరైనట్టే లేదు వదినగారూ. రోజూ దిద్దాల్సిన పేపర్లు వచ్చిపడుతున్నాయి. పన్ను పీకించుకుని గుమ్మం దిగానో లేదో "మీ అనుభవం ఎలా ఉంది?" అని అడిగింది. పన్ను పీకించుకున్న అనుభవం ఎలా ఉంటుంది? రెండు వేశాను. సూర్యాస్తమయం చూసే గట్టుకి మూడు వేశాను. సూర్యుడు బాగానే చేశాడు, బెంచీలు బాగోలేదు. మా ఇంటి దగ్గరి వంతెనకి నాలుగువందలమంది నూటికి నూరు వేశారు. వాన పడితే మోకాలి లోతు నీళ్ళు నిలుస్తాయి దాని మీద. అలా ఎవరుపడితే వాళ్ళు దిద్దబట్టే వంతెనలు అలా ఉన్నాయి.

ఆర్డరు గురించి దిగులుపడకండి. ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్ళకి ఎక్కడైనా పని దొరుకుతుంది.

ఇట్లు,
మీ వదిన

తా.క.: అదనపు గుండీకి అర నక్షత్రం కలిపాను. అది లేకపోతే మీది రెండున్నర.


ఆదివారం
కుట్టు షాపు నుంచి

వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చదివాక అరగంట మిషను తొక్కలేకపోయాను. మీ అన్నయ్యగారు మాత్రం "ఫస్ట్ క్లాసేగా, సంతోషించు" అన్నారు. ఆయన పదో తరగతి మూడోసారికి గట్టెక్కారు. ఆయన సంతోషాలు వేరు.

నేను మీ అంత చదువుకోలేదు. కానీ ఈ స్టార్ల బళ్ళో మీకన్నా రెండు క్లాసులు పైనే ఉన్నాను, కాబట్టి చెప్తున్నాను వినండి. ఇక్కడ అయిదంటే కస్టమరు బతికే ఉన్నాడని అర్థం. నాలుగంటే ఏదో జరిగింది, పైకి చెప్పుకోలేకపోతున్నాడని. మూడంటే చొక్కాలో సూది దొరికిందని. రెండంటే ఆ సూది ఎక్కడో దిగిందని. ఒకటి అంటే ఆ పూట వాళ్ళింట్లో గొడవైందని, దానికి షాపుతో సంబంధం లేదు. మా ఎదురువీధి టైలరుకి ఒకాయన అయిదు స్టార్లు వేసి కింద "కోటుకి రెండూ కుడిచేతులే కుట్టాడు, మనిషి మాత్రం బంగారం" అని రాశాడు. అదీ లోకం పద్ధతి.

ఆలస్యం అన్నారు. చెప్పిన గురువారానికే ఇచ్చేస్తే టైలరుని జనం అనుమానిస్తారు, చేతిలో పని లేదేమోనని. ఇది మా వృత్తిలో అందరికీ తెలిసిన సంగతి. ఆ కాలరు మూడుసార్లు విప్పి కుట్టాను వదినగారూ. ఎందుకు విప్పానో నాకు తెలుసు, నా సూదికి తెలుసు. దాన్ని "తిరుగులేదు" అని రాస్తూనే మార్కు కోసిన చెయ్యి మీదే.

నేను మీ అమ్మాయికి ఏనాడూ మార్కులు వేయలేదు. బ్యాంకులో లెక్కల ఉద్యోగం మానేసి మిషను ముందు కూర్చున్న కొత్తలో, ఒక పెద్దమనిషి పాంటు రెండు కాళ్ళూ కలిపి కుట్టేసింది. నేనేమన్నాను? "భలే గట్టిగా కుట్టావమ్మా" అన్నాను. ఇవాళ తను పట్టుకున్న కత్తెరకి ఈ వీధిలో ఎదురు లేదు. ఆ మూడువందల కోట్ల ఆర్డరు కోసం ఆసుపత్రికి నాలుగుసార్లు వెళ్ళి, నర్సులు చేతులెత్తి పనిచేసేటప్పుడు చంక దగ్గర ఎంత గుడ్డ కావాలో చూసి రాసుకొచ్చింది. ఇంత చేసి ఒక అంకె దగ్గర ఆగిపోతే ఆ పిల్ల మొహం నేను చూడలేను.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇప్పుడు వేలు కూడా మంచిదై ఉండాలి. గోరుతో పోయేదాన్ని గొడ్డలి దాకా తేవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇట్లు,
మీ వదిన

తా.క.: ఒక్క గుండీకి అర నక్షత్రం కలిపానన్నారు, సంతోషం. ఈ కవర్లో ఇంకో మూడు గుండీలు పెట్టాను. మొత్తం ఎంతవుతుందో లెక్కల టీచరుకి నేను చెప్పక్కర్లేదు.


బుధవారం
ఇంటి నుంచి

వదినగారికి,

నమస్కారాలు. గుండీలు అందాయి. పరీక్ష అయిపోయాక జవాబుపత్రానికి కాగితాలు కలపడం నేరం. కలిపినవాళ్ళని మూడేళ్ళు రాయనివ్వరు. తిరిగి పంపడం లేదు, గుండీలు బాగున్నాయి.

మీ ఉత్తరం మీద రెండు రోజులు ఆలోచించాను. మా అమ్మాయి నాలుగుసార్లు ఆసుపత్రికి వెళ్ళిందన్న చోట నా కళ్ళు ఆగాయి. నాతో ఒక్క ముక్క చెప్పలేదు. సరే, తను చెప్పకపోయినా నా వంతు సాయం నేను చేయాలి కదా. తప్పు మీలో లేదు, దిద్దేవాళ్ళలో ఉంది. మీ కోటుని నేనొక్కదాన్నే సరిగ్గా దిద్దాను, మిగతావాళ్ళందరూ కళ్ళు మూసుకుని అయిదులు వేశారు. అప్పుడు నా మూడు ఒంటరిదైపోయి తక్కువగా కనిపిస్తోంది. దానికి తోడు కావాలి. అందుకని ఒక పని చేశాను.

నా పాత విద్యార్థుల గ్రూపు ఒకటి ఫోనులో ఉంది. నూటముప్పైమంది. రోజూ పొద్దున్నే పువ్వుల ఫోటోలు పంపుతారు, ఒకే పువ్వు ఆరుగురు పంపుతారు. మొదటిసారి వాళ్ళకి పనికొచ్చే పని చెప్పాను. మీ షాపు పేజీకి వెళ్ళి, బంధుప్రీతి లేకుండా, భయపడకుండా మార్కులు వేయమన్నాను. "కుట్టించుకోకుండా ఎలా వేయాలి టీచర్?" అని ఒకడు అడిగాడు. మంచి ప్రశ్న. కోటు వేసుకుని ముందు నుంచి, వెనక నుంచి, లోపలిది బయటికి తిప్పి ఫోటోలు తీసి పెట్టాను. కాజాల పక్కన స్కేలు కూడా పెట్టాను.

సాయంత్రానికల్లా నలభై ఒక్కమంది మార్కులు వేశారు. అందరూ మూడే! నా దగ్గర చదువుకున్నవాళ్ళు మరి. ఒకడు రెండున్నర వేయబోయాడట, సగం నక్షత్రం నొక్కుడుపడక మూడు వేశాడట. ఒకమ్మాయి అయిదు వేసింది. ఫోను చేసి కారణం అడిగాను. చెప్పలేకపోయింది. మూడు చేసుకుంది.

నలభై ఒక్క ఫస్ట్ క్లాసులు వదినగారూ! ఈ చుట్టుపక్కల ఏ టైలరుకైనా ఉన్నాయా? ఆ ఆసుపత్రివాళ్ళకి కాస్త చదువుంటే చాలు, ఆర్డరు మీదే.

అన్నయ్యగారిని వార్తలు తగ్గించమనండి. ఫోను ఎక్కువ చూస్తే మతిమరుపు వస్తుందని మొన్న నా ఫోనులోనే ఒక వార్త వచ్చింది. ఒకే రోజు నాలుగుసార్లు వచ్చింది, నేను మర్చిపోతానని కాబోలు.

ఇట్లు,
మీ వదిన

తా.క.: కృతజ్ఞతలు చెప్పుకోనక్కర్లేదు. వియ్యమందాక ఆమాత్రం చేయకపోతే ఎలా?


శనివారం
కుట్టు షాపు నుంచి

గౌరవనీయులైన రిటైర్డు లెక్కల టీచరు గారికి,

నమస్కారం. ఇక్కడ ఎవరమూ క్షేమంగా లేము.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని వినడమే గానీ, మందు పోస్టులో వస్తుందని నాకు తెలీదు. మా అంకె ఇప్పుడు 3.2. షాపు పేజీలు నడిపే కంపెనీ నుంచి మీ అమ్మాయికి ఒక సందేశం కూడా వచ్చింది. "ఈ మధ్య మీరు కస్టమర్లతో ఇబ్బంది పడుతున్నట్టున్నారు. చిరునవ్వుతో పలకరించడం ఎలాగో ఈ వీడియో చూసి నేర్చుకోండి" అని. మీ అన్నయ్యగారు చూసి నేర్చుకున్నారు. అప్పటినుంచి గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషినీ చూసి ఇస్త్రీపెట్టె చేతిలో పట్టుకుని నవ్వుతున్నారు. ఇద్దరు అలాగే వెనక్కి వెళ్ళిపోయారు.

మీ అమ్మాయి ఆ నలభై ఒక్కటీ ఒక్కొక్కటే చదివింది. "నీకు తెలిసినవాళ్ళా?" అని అడిగితే, "అందరూ మా అమ్మ తయారుచేసినవాళ్ళే అత్తయ్యా" అంది. తర్వాత నావైపు చూసి, "నాకు యాభైరెండు వేసింది, మీకు నలభై రెండుసార్లు అరవై వేయించింది. మా అమ్మకి నాకన్నా మీరే ఇష్టం" అని నవ్వబోయి, నవ్వు రాక, ట్రయలు రూములోకి వెళ్ళి తెర వేసుకుంది. ఒక కస్టమరు పాంటు చేత్తో పట్టుకుని ఇరవై నిమిషాలు బయట నిలబడ్డాడు. పాపం ఏమీ అనలేదు. ఆయనా ఎవరో టీచరుకి శిష్యుడే అయుంటాడు.

మీ మీద నాకు కోపం కోటు గురించి కాదు. నా కోటుకి సున్నా వేసుకోండి. ఆ పిల్ల రెండు నెలల కష్టాన్ని మీరు ఒక్క సాయంత్రం ఫోటోలు తీసి పాడుచేశారు. నెలాఖరుకి ఇంక వారం రోజులుంది.

మా వృత్తిలో ఒక మనిషితో తెగతెంపులంటే ఒకటే గుర్తు. కొలతల పుస్తకంలో ఆ మనిషి పేజీ ఉండదు. మీ పేజీ చింపి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఇక మీ కొలతలు ఇంకెవరైనా తీసుకుంటారు, మీరు వాళ్ళని దిద్దుకోండి.

ఇట్లు,
కుట్టు షాపు యజమానురాలు

తా.క.: పేజీ వెనకవైపు పోస్టుమాస్టరు గారి కొలతలు ఉన్నాయి, కోపంలో చూసుకోలేదు. అవి మాత్రం రాసి తిరిగి పంపగలరు. ఆయన పాంటు సగంలో ఆగింది.


మంగళవారం
ఇంటి నుంచి

వదినా,

'గారు' తీసేసినందుకు ఏమీ అనుకోవద్దు. ఈ ఉత్తరం 'గారు' పెట్టి రాయలేను.

మీరు పంపిన పేజీ చూశాను. ఛాతీ, చేతులు, పొడవు, నడుము. వాటి కింద పెన్సిలుతో సన్నగా రాసి ఉంది: "ఎడమ భుజం అరంగుళం కిందికి. ఆమెకి చెప్పొద్దు. కాలరు కింద పలచగా దూది." తేదీ చూస్తే, మనం వియ్యమందిన ఏడాదిది. అంటే మూడేళ్ళుగా మీరు కుట్టిన ప్రతిదానిలోనూ ఆ దూది ఉంది.

జవాబుపత్రాల సంచి ఎడమ భుజానే మోశాను వదినా. కోటు వేసుకుని అద్దం ముందు నిలబడితే భుజాలు సమంగా ఉంటాయి, తీసేస్తే ఒకటి జారుతుంది. అద్దమే వంకరగా ఉందనుకుని రెండుసార్లు మేకు మార్పించాను. ఇప్పుడు అద్దమే నిజంగా వంకరగా ఉంది.

తప్పు కనిపిస్తే దాని చుట్టూ ఎర్రగా సున్నా చుట్టడమే నాకు తెలుసు. మీకు కనిపిస్తే దూది పెట్టి, నోరు మూసుకుని, మూడుసార్లు కాలరు విప్పి కుట్టారు. దానికి నేను పావంగుళం జేబు కొలిచి మార్కు కోశాను. నాకు సిగ్గేసింది. ఇంతకన్నా పెద్ద మాట నాకు రాదు.

ఇంకొకటి ఉంది. ఇది మా అమ్మాయికి ఫోనులో చెప్పలేను, మీరు చదివి వినిపించండి. పాత రిజిస్టరు తీసి చూశాను. తన పేపరుకి అసలు వచ్చినవి యాభై ఎనిమిది. ఆరు మార్కులు నేనే కోశాను. టీచరు కూతురు కాబట్టి వచ్చాయని ఎవరూ అనకూడదని. ఎవరూ అనలేదు. అయినా ఆ ఆరు మార్కులు నా దగ్గరే ఉండిపోయాయి. ఆమె బాగా చదివేది. ఆమె ఏం చేసినా బాగా చేస్తుంది. ఈ మాట నేను పైకి అనలేదు, అదే నేను చేసిన తప్పు.

సరే, పనిలోకి వస్తాను. నిన్న మధ్యాహ్నం నా మూడుని అయిదు చేశాను. ముప్పై నాలుగేళ్ళలో మొదటిసారి దొంగ మార్కులు వేశాను. వేయబోతుంటే ఫోను ఆపి, "మీరు మనిషేనా?" అని అడిగింది. అడగాల్సిన సమయంలోనే అడిగిందనిపించింది. రోడ్డు దీపాలున్న గళ్ళన్నీ నొక్కమంది. స్తంభం దీపంలో భాగమా కాదా అన్నది చెప్పలేదు. నేను భాగమే అనుకుని నొక్కితే తప్పంది. ఎనిమిదిసార్లు తప్పాను. ప్రశ్నపత్రం అంత అధ్వాన్నంగా తయారుచేసినవాడు నన్ను ఫెయిలు చేస్తున్నాడు. తొమ్మిదోసారికి మనిషినయ్యాను.

తర్వాత గ్రూపులో అందరినీ మూడు కొట్టేసి అయిదు వేయమన్నాను. "టీచర్, ఒంట్లో బాగుందా?" అని పదిహేనుమంది అడిగారు. నాలుగింటికల్లా నలభై ఒక్కరూ మార్చేశారు. ఇక మీ అంకె ఆకాశంలో ఉండాలి. ఆర్డరు రాగానే చెప్పండి.

ఇట్లు,
నీ వదిన

తా.క.: పోస్టుమాస్టరు గారి కొలతలు విడిగా రాయడం ఇష్టంలేక పేజీనే తిరిగి పంపుతున్నాను. పుస్తకంలో అతికించుకోండి. ఆయన నడుము నలభై రెండు అని ఉంది. నిన్న స్టాంపులు కొంటూ చూశాను, నలభై నాలుగు వేసుకోండి.


సోమవారం
కుట్టు షాపు నుంచి

వదినా,

నమస్కారాలు. ముందు మీ ఉత్తరం సంగతి. షట్టరు సగం దించి, మీ అమ్మాయిని కూర్చోబెట్టి, మొత్తం చదివి వినిపించాను. తను కాసేపు దారం కండెలు ఇటువి అటు పెట్టింది. "యాభై ఎనిమిదైనా ఫస్ట్ క్లాసు రాదుగా అత్తయ్యా" అని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మీ అన్నయ్యగారు మాత్రం ఆ వీడియోలో నేర్చుకున్న చిరునవ్వు ఆపలేకపోయారు.

ఇక అంకె సంగతి. ఆకాశంలోకి వెళ్ళిందన్నారు కదా, వెళ్ళింది. మంగళవారం పొద్దున 4.9. మీ అమ్మాయి చప్పట్లు కొట్టింది. మధ్యాహ్నానికి అది మాయమైంది. నలభై రెండుమంది ఒక్క పూటలో మూడుని అయిదు చేస్తే, ఇదేదో ముఠా పని అని కంపెనీ మిషనుకి అనుమానమొచ్చిందట. మీ అందరి మార్కులూ తుడిచేసింది. అంతటితో ఊరుకుందా, మాకు ముందునుంచీ ఉన్నవి కూడా తవ్వింది. వదినా, మీ దగ్గర దాచేదేముంది? ఆ అయిదు స్టార్లలో రెండు మీ అన్నయ్యగారి రెండు ఫోన్లవి, ఒకటి మీ అల్లుడిది, ఒకటి మా ఆడపడుచుది. మిగిలింది నాది. అన్నీ పోయాయి, ఆ తర్వాత మాకెవరికీ ఆ పేజీ తెరవబుద్ధి కాలేదు.

ఆ రోజు మేమెవరం పని చేయలేదు. మీ అమ్మాయి ఆసుపత్రి కోటు కోసం కత్తిరించిన నమూనా కాగితాలు మడిచి పైన పెట్టేసింది. "పోనీలెండి అత్తయ్యా, చొక్కాలున్నాయిగా" అంది. ఆ గొంతు నేను మళ్ళీ వినకూడదు.

మొన్న నెలాఖరు. పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోను. సామాన్లు కొనే విభాగం ఆవిడ. "కోట్లు ఎప్పటినుంచి మొదలుపెడతారు?" అంది. మీ అమ్మాయి ఫోనుని చెవికి ఇంకాస్త గట్టిగా అదుముకుంది. నేను లాక్కుని, "అమ్మా, మీకు నాలుగున్నర కావాలి కదా?" అని తెలివితక్కువగా అడిగేశాను. ఆవిడ నిట్టూర్చింది. మన దగ్గర ముఠా దొరికాక, కంపెనీ మిషను ఈ చుట్టుపక్కల టైలర్లందరినీ వరసగా పట్టిందట. ఎవరి పేజీ చూసినా బావమరుదులు, తోడల్లుళ్ళు, సొంత ఫోన్లేనట. అన్నీ తుడిచిపెట్టుకుపోయి, ఎదురువీధి టైలరుకి ఒక్క రెండు మిగిలింది. మిగతావాళ్ళకి సున్నా. "ఇప్పుడు అందరిలోకీ మీరే ఫస్టు, మూడు స్టార్లతో. ఆ ఒక్క కస్టమరు రాసింది చదివితే నమ్మకం కలిగింది" అంది.

నేను ఫోను పెట్టేసి వేళ్ళ మీద లెక్కపెట్టాను. మూడు స్టార్లా? మీ మూడు పోయింది, మీ వాళ్ళ మూళ్ళు పోయాయి. మరి ఈ మూడు ఎవరిది?

మీ అన్నయ్యగారు పేజీ తీసి చదివారు. నాలుగేళ్ళ కిందటిది. పేరు లేదు, పిల్లి బొమ్మ ఉంది. మక్కీకి మక్కీ రాస్తున్నాను:

"కుట్టు శుభ్రంగా ఉంది. కాలరు చాలా బాగుంది. చెప్పిన గురువారానికి ఇవ్వలేదు, అందుకు ఒకటి తగ్గించాను. కౌంటరు దగ్గర కూర్చునే మనిషి అవసరానికి మించి మాట్లాడతాడు, అందుకు ఇంకొకటి. మళ్ళీ వస్తాను."

ఆయన గట్టిగా చదువుతుంటే మీ అమ్మాయి చెవులు ఎర్రగా కందిపోయాయి. మీ అల్లుడు కౌంటరు కింద ఏదో పడిందని వంగాడు, లేవలేదు. అప్పటికి ఆ పిల్ల మా కోడలు కాదు వదినా, కస్టమరు. ఆ రాతకి బిల్లు ఫోటో కూడా జత చేసింది. అందుకే మిషను దాని జోలికి పోలేదు. ఆ రోజే వీడు బిల్లులో నంబరు చూసి ఫోను చేసి, "రెండు స్టార్లు ఎందుకు కోశారండీ?" అని దెబ్బలాడాడట. వివరంగా చెప్తానని వచ్చిందట. ఇప్పటికీ చెప్తూనే ఉంది. బస్సులో పరిచయమని మనిద్దరికీ చెప్పిందంతా కట్టుకథ.

రేపటినుంచి తెల్లకోట్లు మొదలు. మూడువందలు. గురువారానికి ఇస్తామన్నాం.

ఇట్లు,
నీ వదిన

తా.క.: "ఇప్పుడైనా ఆ రెండు స్టార్లూ కలపవే" అని మీ అమ్మాయిని అడిగాను. మొగుడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "ఇంట్లోవాళ్ళకి మార్కులు కలపకూడదు అత్తయ్యా" అంది.